ఖాళీ దినోత్సవం

చీపురువలస పట్నంలో రైలుగేటు పక్కన పాత గోనెసంచుల గోదాము ఒకటుంది. దాని గుమ్మం మీద "రాష్ట్ర సెలవులు మరియు దినోత్సవాల సంచాలక కార్యాలయం" అన్న బోర్డు వేలాడుతూ ఉంటుంది. రాజధానిలో అన్ని శాఖలకూ భవనాలు దొరికాయి గానీ ఈ ఒక్క శాఖకి మాత్రం దొరకలేదు. భవనాలు కేటాయించే సమావేశం పెట్టుకున్న ప్రతిసారీ ఆ రోజు ఏదో ఒక సెలవు వచ్చి పడేది. ఆ సెలవు ప్రకటించేది ఈ శాఖే కనక ఎవర్నీ ఒక మాట అనడానికి లేదు.

ఈ కార్యాలయంలో జామి పైడిరాజు టైపిస్టు. పందొమ్మిదేళ్ళుగా రాష్ట్రంలో ఏ సెలవైనా ముందు అతని వేళ్ళ మీదుగా వెళ్ళాకే జనానికి అందుతోంది. ఇన్నేళ్ళలో జాబితాలో ఒక్క తప్పు దొర్లలేదని అతనికి మహా గొప్ప. కార్యాలయానికి కంప్యూటర్లు వచ్చి మూడేళ్ళయింది. వాటి ప్రారంభోత్సవం పని దినాన మాత్రమే జరగాలని నియమం, పెట్టుకున్న ప్రతి తేదీకీ ఏదో సెలవు తగులుతూ ఉండబట్టి అవి అట్టపెట్టెల్లోనే భద్రంగా ఉన్నాయి. పైడిరాజు పాత టైపు మిషన్ మీదే టకటకలాడిస్తున్నాడు.

అతని భార్య వరహాలు గొల్లవీధి అంగన్‌వాడీలో ఆయా. పద్నాలుగేళ్ళ సర్వీసు. రెండేళ్ళ కిందట టీచరమ్మ రిటైరయింది, కొత్త టీచరు రాలేదు. అప్పట్నించీ పిల్లలకి గుడ్లుడకబెట్టేదీ, ముక్కులు తుడిచేదీ, అ ఆలు దిద్దించేదీ అన్నీ వరహాలే. పని టీచరుది, పేరు ఆయాది. పదో తరగతి పాసైతే ఆయాని టీచరుగా వేస్తారు. అయితే నలభై అయిదేళ్ళు నిండేలోపే పాసవ్వాలి. వరహాలుకి వచ్చే ఏడాది జూన్ ముప్పైకి నలభై అయిదు నిండుతాయి.

పట్టుదల గల మనిషి. ఓపెన్ స్కూల్లో చేరి అయిదు సబ్జెక్టులు గట్టెక్కేసింది. మిగిలింది లెక్కలు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక అంగన్‌వాడీ గోడ మీద సుద్దముక్కతో త్రిభుజాలు గీసుకునేది. ఇంటికొచ్చి పులుసు కలుపుతూ "కర్ణం మీద వర్గం..." అని వల్లించేది. పైడిరాజుకి లెక్కలంటే చిన్నప్పట్నించీ జ్వరం. అందుకని పెళ్ళాన్ని చూస్తే అతనికి భక్తి లాంటిది కలిగేది. ఈ ఏడాది జూన్ పద్నాలుగున ఆమె లెక్కల పరీక్ష.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా ప్రభుత్వానికి చింతపండు గుర్తుకొచ్చింది.

ఎన్నికల సభలో ఎవరో పెద్దాయన చింతపండు మన జాతి జీవనాడి అన్నాడట. అన్నాక ఊరుకుంటారా! చింతపండు దినోత్సవం వచ్చింది. ఆ మర్నాడు ఉప్పు కొఠారుల వాళ్ళు గోదాము ముందు బైఠాయించారు. ఉప్పు లేకుండా చింతపండుతో ఏం వండుతారో చెప్పమన్నారు. చెప్పలేక ఉప్పుకొకటి ఇచ్చారు. మిర్చి వాళ్ళు, పసుపు వాళ్ళు, ఇంగువ వాళ్ళు వరసగా వచ్చారు. పోపులపెట్టె పూర్తయ్యాక గొడుగులు బాగుచేసేవాళ్ళు, ఇస్త్రీ బళ్ళవాళ్ళు, ఎడమచేతివాటం వాళ్ళ సంఘం, మీసాలున్నవాళ్ళ సంఘం, దానికి పోటీగా మీసాలు తీసేసినవాళ్ళ సంఘం బయల్దేరాయి. ఎవర్ని కాదన్నా వాళ్ళ మనోభావాలు దెబ్బతింటాయి.

ఈ గొడవంతా ఒక పద్ధతిలో పెట్టడానికి శాసనసభ చట్టం చేసింది. అందులో ముఖ్యమైన సెక్షన్లు మూడు. ఒకటి, జాబితాలోకి ఎక్కిన దినాన్ని ఎన్నటికీ తొలగించరాదు. రెండు, దినోత్సవం నాడు ప్రజల పనులు చెయ్యరాదు, పరీక్షలు జరపరాదు, కానీ ఉద్యోగులందరూ హాజరై ఉత్సవం జరపవలెను. మూడు, దినోత్సవం సెలవు దినం కనక ఆ రోజు ఉద్యోగులకు సెలవు ఇవ్వబడదు. సెలవు నాడు సెలవు పెట్టడమంటే చట్టాన్ని వెక్కిరించడమే గదా!

జూన్ పన్నెండున కమిషనరు కవుతా చక్రధరరావు గారు పైడిరాజుని గదిలోకి పిలిచారు. ఆయన మాట్లాడితే ఫైలు మాట్లాడినట్టే ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా "తగు పరిమాణంలో జలము తక్షణమే సరఫరా చేయవలసిందిగా" అంటారని అటెండర్లు చెప్పుకుంటారు.

"ఏమయ్యా పైడిరాజూ! సదరు గొడుగుల సంఘం వారి వినతిపత్రాన్ని కూలంకషంగా పరిశీలించి, జూన్ పద్నాలుగో తేదీని రాష్ట్ర గొడుగు దినోత్సవంగా ప్రకటించుటకు ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించియున్నది. ఉత్తర్వు కొట్టు."

పైడిరాజు చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, పద్నాలుగునే కావాలాండీ? పదిహేనైతే..."

"పదిహేను ఇస్త్రీవారిది. వారికి మడత పడకుండా చూడవలసిన బాధ్యత మనపై ఉన్నది. కొట్టు."

కొట్టాడు. అక్షరం తప్పు లేకుండా కొట్టాడు. ఇంటికి వెళ్ళేసరికే టీవీలో అడుగున ఎర్ర అక్షరాలు పరిగెడుతున్నాయి. వరహాలు గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటయ్యా, పరీక్ష నేదంట?"

"అవునే. పైవోళ్ళు..."

"కాయితం ఎవులు కొట్టినారు?"

పైడిరాజు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించసాగాడు.

"సెప్పీ. ఎవులు కొట్టినారు?"

"మిషన్ మీద నేనే ఉంటాను గదే."

"పెళ్ళాం పరీక్షని సేతులారా నువ్వే కొట్టీసినావన్నమాట," అంది. ఆ వారమంతా ఇంట్లో గంజీ పచ్చిమిరపకాయే వండింది. అతను కిక్కురుమనకుండా తాగాడు.

పరీక్ష అక్టోబరు తొమ్మిదికి మారింది. ఆ రోజుని మరచెంబుల తయారీదారులు పట్టుకుపోయారు. డిసెంబరు ఇరవైకి మారింది. ఈసారి ఏ సంఘమూ అడక్కపోయినా, పిల్లల్లో లెక్కలంటే భయం పెరిగిపోతోందని ప్రభుత్వానికే బెంగ పుట్టి ఆ రోజుని రాష్ట్ర గణిత దినోత్సవం చేసింది. గణిత దినోత్సవం సందర్భంగా లెక్కల పరీక్ష రద్దయింది.

ఆ ఉత్తర్వు విన్నప్పుడు వరహాలు కోప్పడలేదు. పీట మీద కూలబడి, "నాను సదివిందంతా మర్సిపోతన్నానయ్యా. ఒక పక్కనించి ఎక్కిస్తంటే ఇంకో పక్కనించి కారిపోతంది. జూన్ ఎల్లిపోతే నాను సచ్చిందాకా ఆయానే," అని కళ్ళొత్తుకుంది. గంజి తాగినప్పుడు లేని బాధ పైడిరాజుకి అప్పుడు కలిగింది.

దినోత్సవాలు మాత్రం దివ్యంగా సాగిపోతున్నాయి. కార్యాలయానికి ఉన్నది ఒకే ఒక ఫ్లెక్సీ. "ఘనంగా" అన్న మాటకీ "దినోత్సవం" అన్న మాటకీ మధ్య ఏ రోజు పేరు ఆ రోజు కాగితం మీద రాయించి అతికించేవాళ్ళు. పాతది పీకితే పాత సంఘం వాళ్ళ మనోభావాలు దెబ్బతింటాయని దాని మీదే కొత్తది అతికించేవాళ్ళు. రెండొందల పేర్లు పడేసరికి ఫ్లెక్సీ నడిమి భాగం బొంతలా తయారైంది. మొదట్లో ఇద్దరు మోసేవాళ్ళు, సంక్రాంతి దాటాక ఆరుగురు కావలసి వచ్చారు.

ప్రతిజ్ఞ కూడా ఒకటే. "నేను ఫలానాను నా ప్రాణం కన్నా మిన్నగా కాపాడుకుంటాననీ, దాని అభివృద్ధికి అహర్నిశలు పాటుపడతాననీ..." అని అచ్చువేసి, ఫలానా దగ్గర రెండంగుళాల ఖాళీ వదిలారు. దోమల నివారణ దినం నాడు ఆ ఖాళీలో "దోమల" వరకే పట్టింది. మూడొందల మంది ఉద్యోగులు చెయ్యి చాపి దోమలని ప్రాణం కన్నా మిన్నగా కాపాడతామని ప్రమాణం చేశారు. ప్రభుత్వ ఉద్యోగులు ఇంత కచ్చితంగా అమలుచేసిన ప్రతిజ్ఞ ఇంకొకటి లేదు.

నీటి పొదుపు దినం నాడు నాలుగు ట్యాంకర్లు తెచ్చి రోడ్డు కడిగారు. సమయపాలన దినానికి మంత్రిగారు మధ్యాహ్నం మూడింటికి వచ్చి, పొద్దున్న పదకొండింటికి ఇవ్వాల్సిన ఉపన్యాసం ఇచ్చారు. ఊరేగింపు కాగానే ఫొటోలు, ఫొటోలు కాగానే బాదుషా, బాదుషా కాగానే ప్రశంసాపత్రాలు. వచ్చిన ప్రతివాడికీ ఒక ప్రశంసాపత్రం ఇవ్వాలి. పొద్దున్నే అటెండరు నాలుగొందల పత్రాల దొంతర తెచ్చి కమిషనరు గారి ముందు పెట్టేవాడు. ఆయన ఫోనులో మాట్లాడుతూ, ఎడంచేత్తో వేరుశెనగలు తింటూ, కుడిచేత్తో సంతకాలు చేసుకుపోయేవారు. గంటకి నాలుగొందలు. పేరు చూసేవారు కాదు. చూస్తే వేగం పడిపోతుందని ఆయన సిద్ధాంతం.

ఫిబ్రవరి మొదటివారంలో కమిషనరు గారు సిబ్బందిని సమావేశపరిచారు.

"మిత్రులారా! నేటితో మన రాష్ట్రం చరిత్రాత్మకమైన మైలురాయిని అధిగమించినదని తెలియజేయుటకు సంతసించుచున్నాను. జనవరి ఒకటి మొదలు డిసెంబరు ముప్పై ఒకటి వరకు ఒక్క దినము కూడా వృథాగా పోకుండా మూడువందల అరవై అయిదు దినములు దినోత్సవములతో సంతృప్తమైనవి. ఖాళీ దినము లేని తొలి రాష్ట్రముగా మనము అవతరించితిమి. ఈ యజ్ఞంలో అహోరాత్రులు శ్రమించిన పైడిరాజుని ఈ సందర్భంగా..."

పైడిరాజు మెళ్ళో దండ పడింది. దండతో ఇంటికి వెళ్ళడం క్షేమం కాదని దారిలో ఆవుకి పెట్టేశాడు.

ఇంటి దగ్గర ఓపెన్ స్కూలు బోర్డు నుంచి ఉత్తరం వచ్చి ఉంది. "అభ్యర్థిని వాయిదాపడిన గణిత పరీక్షను పని దినము లభ్యమైన వెంటనే నిర్వహించగలము. పని దినమును ధ్రువీకరిస్తూ దినోత్సవాల సంచాలకుల వారి పత్రము జతచేయవలెను."

వరహాలు ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. "సమత్సరం మొత్తానికి ఒక్క రోజు నేదా?"

"నేదే. ముందూ ఎనకా నేనే సరిసూసినాను. మూడొందల అరవై అయిదూ నిండిపోనాయి."

"జాబితా ఇలగియ్యి."

జాబితా చాపంత పొడుగుంది. ఆవిడ నేలమీద పరుచుకుని, పెన్సిలు చెవి మీంచి తీసి, నెలనెలకీ గీత గీసుకుంటూ కూడింది. జనవరి ముప్పై ఒకటి, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది... పైడిరాజు పక్కన కూచుని విసనకర్ర విసురుతున్నాడు. చివరికొచ్చి ఆగింది. మళ్ళీ పైకెళ్ళింది. గోడమీద క్యాలెండరు కేసి చూసింది.

"ఏటయ్యా, ఇది లీపు సమత్సరం గదా?"

"అయితే?"

"అయితేటి! మూడొందల అరవై ఆరు రోజులుండాల. మీ జాబితా అరవై అయిదుకే అయిపోనాది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది ఏదీ?"

పైడిరాజు జాబితా లాక్కుని చూశాడు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, రాష్ట్ర అప్పడాల దినోత్సవం. దాని కింద మార్చి ఒకటి, రాష్ట్ర తాళంచెవుల దినోత్సవం. మధ్యలో ఏమీ లేదు.

"ఓలమ్మో! తప్పు దొర్లిపోనాదే! పందొమ్మిదేళ్ళలో ఒక్క తప్పు నేదు నాకు. పొద్దున్నే కమిషనరు గారికి సెప్పీయాల. ఖాళీ ఉందని తెలిసీ సెప్పకపోతే అది డ్యూటీలో లోపం."

"సెప్పీ," అంది వరహాలు చాలా శాంతంగా. "సెప్పీసి ఆ సేత్తోనే నీకు వంట సేసి పెట్టీవోల్ని కూడా సూసుకో."

పైడిరాజు చెప్పలేదు. నోరు కుట్టేసుకున్నాడు. అయితే నోరు కుట్టుకుంటే సరిపోదు, బోర్డు వాళ్ళకి పత్రం కావాలి. ఆ పత్రం మీద కమిషనరు గారి సంతకం కావాలి. ఖాళీ ఉందని తెలిస్తే ఆయన ఆ క్షణంలో దాన్ని ఏ సంఘానికో కట్టబెడతారు. రెండ్రోజులు తల గోక్కున్నాడు. మూడో రోజు రాష్ట్ర గుండీల దినోత్సవం. పైడిరాజు పొద్దున్నే వచ్చి ఒక కాగితం కొట్టాడు. "ఫిబ్రవరి ఇరవై తొమ్మిది పని దినమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." దాన్ని ప్రశంసాపత్రాల దొంతరలో రెండొందల పదిహేడో కాగితంగా దూర్చి, గుమ్మం పక్కన నిలబడి చూశాడు.

కమిషనరు గారు ఫోనులో ఎవరికో గుండీల ప్రాశస్త్యం వివరిస్తున్నారు. రెండొందల పదహారు. రెండొందల పదిహేడు. వేరుశెనగ. రెండొందల పద్దెనిమిది.

బోర్డు వాళ్ళు పత్రం చూసి ఎగిరి గంతేశారు. వాళ్ళకీ నెలల తరబడి పని లేదు మరి. ఇరవై తొమ్మిదిన పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండుముప్పావు దాకా పరీక్ష అని కబురు పంపారు. వరహాలు మళ్ళీ గోడనిండా త్రిభుజాలు గీసింది.

ఇరవై తొమ్మిదో తారీఖు వచ్చింది. పైడిరాజు ఆమెని పరీక్ష గది దాకా దిగబెట్టి, పెరుగూ పంచదారా నోట్లో పెట్టి, గోదాముకి వచ్చాడు.

పదిన్నరకి ఆరుగురు అటెండర్లు ఫ్లెక్సీ ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. పేరు అతికించేవాడు జిగురుగిన్నెతో నిలబడ్డాడు. పేరు రాలేదు. కమిషనరు గారు బయటికొచ్చి చిరాకుపడ్డారు.

"ఏమిటీ జాప్యం? ఈ రోజు ఏ దినం?"

జాబితా తెచ్చారు. తిప్పారు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమీ లేదేమిటి? ఏమీ లేకపోవడమేమిటి? ఇంతమంది ఉద్యోగులు హాజరై, బాదుషా సిద్ధమై, దినం లేదా? పత్రికల వారికి తెలిస్తే రాష్ట్ర ప్రతిష్ఠ ఏం కాను?"

ఆయన గదిలోకి పరిగెత్తి మంత్రిగారికి ఫోన్ చేశారు. గోడ గడియారం పదకొండు కొట్టింది. ఫోన్ పెట్టేసి, "పైడిరాజూ! ప్రభుత్వం యుద్ధప్రాతిపదికన నిర్ణయం గైకొన్నది. తక్షణం ఉత్తర్వు కొట్టు. ఈ రోజు కూడా దినోత్సవమే!" అన్నారు.

పైడిరాజు కళ్ళముందు పరీక్ష గది కనిపించింది. ఉత్తర్వు మీద సంతకం పడ్డ మరుక్షణం అక్కడ కాగితాలు లాగేసుకుంటారు. ఇంకా గంటా నలభై అయిదు నిమిషాలు. అతని బతుకులో మొదటిసారి వేళ్ళు మిషన్ మీదికి వెళ్ళనన్నాయి.

"చిత్తం. ఏ దినోత్సవమండీ?"

కమిషనరు గారు ఆలోచనలో పడ్డారు. ఇంగువా చింతపండూ, మీసాలూ గొడుగులూ అన్నీ అయిపోయాయి. మళ్ళీ ఫోన్లు తిరిగాయి. పదకొండుంపావుకి పేరు ఖాయమైంది. రాష్ట్రంలో చిట్టచివరి ఖాళీ దినానికి నివాళిగా, ఖాళీ దినోత్సవం.

"దివ్యంగా ఉందండీ," అన్నాడు పైడిరాజు. "అయితే చట్టం ప్రకారం కొత్త ఉత్తర్వులో సూచిక కింద పాత ఉత్తర్వులన్నీ వరసగా చూపించాలండీ. ఒక్కటి వదిలినా ఆ సంఘం వాళ్ళ మనోభావాలు దెబ్బతింటాయని తమరే సెలవిచ్చారు."

"నిజమే. ఎన్ని?"

"మూడువందల అరవై అయిదండీ."

నియమాన్ని పక్కన పెట్టడం కమిషనరు గారి రక్తంలోనే లేదు. "యథావిధిగా కానియ్యి. త్వరగా," అన్నారు.

పైడిరాజు కాగితం బిగించాడు. "సూచిక: ఒకటి. రాష్ట్ర చింతపండు దినోత్సవ ఉత్తర్వు, తేదీ..." అని మొదలుపెట్టాడు. ప్రతి అక్షరాన్నీ పసిపిల్లని పడుకోబెట్టినట్టు నెమ్మదిగా పెట్టాడు. ఎనభయ్యోదాని దగ్గర రిబ్బను మార్చాడు. నూట నలభై దగ్గర మిషన్‌కి నూనె వేశాడు. బయట అటెండర్ల భుజాలు పడిపోయి ఫ్లెక్సీని గోడకి చేర్చారు. కమిషనరు గారు గుమ్మానికీ బల్లకీ మధ్య పచార్లు చేస్తున్నారు.

"ఎంతవరకు వచ్చినది?"

"మరచెంబుల దాకా వచ్చామండీ."

పన్నెండుంపావుకి గణిత దినోత్సవం దగ్గరికి వచ్చాడు. దాన్ని రెండుసార్లు కొట్టి, ఒకటి తెల్లసిరా పూసి చెరిపి, ఆరబెట్టాడు. పన్నెండున్నరకి అప్పడాలు. గడియారంలో పన్నెండుముప్పావు అయ్యేసరికి తాళంచెవుల మీద ఉన్నాడు. మనసులో ఏడుకొండలవాడికి ఒక దణ్ణం పెట్టాడు. మిగతాది పదినిమిషాల్లో టకటకా లాగించేశాడు.

సరిగ్గా ఒంటిగంటకి సంతకం పడింది. ఆ నిమిషం నుంచీ అమల్లోకి వచ్చింది. ఉద్యోగులందరూ చెయ్యి చాపి ఖాళీని ప్రాణం కన్నా మిన్నగా కాపాడుకుంటామని ప్రమాణం చేశారు. పైడిరాజు రెండు బాదుషాలు కాగితంలో చుట్టుకుని పరీక్ష గది కేసి పరిగెత్తాడు.

వరహాలు గేటు దగ్గర వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. మొహం చూస్తే వెలిగిపోతోంది.

"రాసీసినానయ్యా! అన్నీ రాసీసినాను! ఒక గమ్మత్తు లెక్క ఇచ్చినారు. 'మన రాష్ట్రంలో ఈ లీపు సంవత్సరంలో ఏదో ఒక రోజు తీసుకుంటే అది పని దినం అయ్యే సంభావ్యత ఎంత?' అని. నాకు నవ్వాగినాది గాదు. మూడొందల అరవై ఆరింట ఒక వంతు అని రాసీసినాను."

పైడిరాజు బాదుషా ఆమె చేతిలో పెట్టి, "కరెక్టే. ఒంటిగంట దాకా కరెక్టే," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. చెప్పి, గొంతు తగ్గించి, "ఇప్పుడింక సున్నా. రిజల్టు కూడా పని దినం నాడే ఇయ్యాలటే. ఇంక రాష్ట్రంలో పని దినం అన్నదే నేదు," అన్నాడు.

వరహాలు సగం కొరికిన బాదుషాతో ఆగిపోయింది.

"ఈ ఇరవై తొమ్మిది పని దినం ఎలగయినాది?"

"కమిషనరు గారు కాయితం మీద సంతకం ఎట్టినారు గనక."

"ఆ కాయితం ఎవులు కొట్టినారు?"

"నేనే."

"మరి కాయితం ఉంటే పని దినమే గదయ్యా. జాబితాలోంచి ఏదీ తీయకూడదన్నారు గానీ, దానికి కాయితం ఇయ్యకూడదన్నారేటి?"

పైడిరాజు మూడువందల అరవై అయిదు ఉత్తర్వులూ ఆ పూటే కొట్టి ఉన్నాడు. అన్నీ వేళ్ళ చివర్నే ఉన్నాయి. చట్టమూ కంఠతా వచ్చు. ఎంత వెతికినా ఎక్కడా ఆ మాట లేదు.

మర్నాడు తాళంచెవుల దినోత్సవం. కమిషనరు గారి ముందు దొంతర కాస్త ఎత్తుగా కనిపించింది. ఆయన ఫోనులో తాళంచెవుల పుట్టుపూర్వోత్తరాలు మాట్లాడుతూ, వేరుశెనగలు తింటూ సంతకాలు చేసుకుపోయారు. రెండు గంటలు పట్టింది. అందులో నాలుగొందలు ప్రశంసాపత్రాలు. మిగిలిన మూడువందల అరవై అయిదూ పైడిరాజు రాత్రంతా కూచుని కొట్టినవి, సంవత్సరంలో ఒక్కొక్క రోజూ పని దినమని ధ్రువీకరించే పత్రాలు. సాయంత్రానికి రాష్ట్రంలో ప్రతి రోజూ సెలవే, ప్రతి రోజూ పని దినమే. ఆ మొత్తం సంగతి పైడిరాజుకీ వరహాలుకీ తప్ప మూడో మనిషికి తెలియదు. పత్రం కావాల్సినవాళ్ళు వస్తే పైడిరాజు తేదీ అడిగి, బీరువాలోంచి ఆ ఒక్కటే తీసి ఇచ్చేవాడు. ఊరేగింపు అటు వెళ్ళగానే ఇటు పనులు జరిగేవి. రిజిస్ట్రారు ఆఫీసు పక్కతలుపు తెరుచుకుంది, రేషను కార్డులు కదిలాయి. ప్రభుత్వం అదంతా దినోత్సవాల మహిమే అని ప్రకటించుకుంది.

మే ఇరవయ్యో తారీఖున, రాష్ట్ర మరమరాల దినోత్సవం నాడు, వరహాలు ఫలితం వచ్చింది. నూటికి ముప్పై అయిదు. ముప్పై అయిదే పాసు. గొల్లవీధి పిల్లలందరికీ ఆ పూట రెండేసి గుడ్లు. జూన్ అయిదున అంగన్‌వాడీ టీచరుగా ఉత్తర్వు చేతికొచ్చింది. పైడిరాజు ఆ ఉత్తర్వు చదివి పెళ్ళాం ముందే భోరుమని ఏడ్చేశాడు. ఆమె "సాల్లే," అని కొంగుతో అతని మొహం తుడిచింది.

తుడిచాక మార్కుల కాగితం ముందు వేసుకుని కూచుంది. ఒక్కొక్క లెక్కా గుర్తుచేసుకుని కూడింది.

"ముప్పై ఆరు రావాల గదయ్యా. ఒకటి తగ్గినాదేటి?"

పైడిరాజు బోర్డుకి ఉత్తరం రాశాడు. వారంలో జవాబు వచ్చింది. "సంభావ్యతకు సంబంధించిన ప్రశ్నకు అభ్యర్థిని రాసిన సమాధానం రాసిన సమయానికి సరైనదే. అయితే జవాబుపత్రం దిద్దు సమయానికి సరైన సమాధానం సున్నాగా మారియున్నందున మార్కు ఇవ్వబడలేదు. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల పూర్తి సూచికలతో అప్పీలు చేసుకొనవచ్చును."

"పాసయిపోనావు, టీచరైపోనావు. ఒక్క మార్కు పోతే పోనీయే," అన్నాడు పైడిరాజు.

వరహాలు ఒంటికాలి మీద లేచింది. "ఎందుకు పోనీయాల? తప్పు రాసినానా నాను? రోజు మార్సింది మీరు. ఆ ఒక్క మార్కూ నాదే. కొట్టు అప్పీలు!" అని, అంగన్‌వాడీ తాళం చేతికి తీసుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు రాష్ట్ర మౌన దినోత్సవం. గోదాము ముందు నాలుగు మైకులు మోగిపోతున్నాయి. పైడిరాజు కాగితం బిగించి, "సూచిక: ఒకటి. రాష్ట్ర చింతపండు దినోత్సవ ఉత్తర్వు, తేదీ..." అని మొదలుపెట్టాడు.